పొడంపేట గురించి ఎవరిని అడగాలి

2019 జులైలో నేను రాసిన వార్తలో ఒక వాక్యం తప్పు. "వాతావరణ మార్పుల వల్ల సముద్రమట్టం పెరిగి గంజాం జిల్లాలోని పొడంపేట గ్రామం కడలిలో కలిసిపోయిందని నిపుణులు చెబుతున్నారు" అన్నది ఆ వాక్యం. అందులోని "నిపుణులు" అన్న బహువచనం వెనుక ఉన్నది ఒకే ఒక్క మనిషి. ఆయన బరంపురంలో స్థిరపడిన విశ్రాంత అధ్యాపకులు. ఆయన జీవితమంతా బోధించిన శాస్త్రానికీ సముద్రానికీ సంబంధం లేదు. ఫోన్ చేయగానే ఎత్తుతారు, చక్కని తెలుగులో మాట్లాడతారు, రెండు వాక్యాలు అడిగితే నాలుగు ఇస్తారు. ఆ రోజు సాయంత్రం అయిదు గంటలకు నాకు కావలసినవి ఆ రెండు వాక్యాలే. విలేకరికి ఆయన పిలిస్తే పలికే దేవుడు.

నేను బరంపురంలో పుట్టి పెరిగాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇచ్ఛాపురం అవతల, ఆంధ్రలో ఉన్న పత్రిక డెస్కుకు నేను ఒడిశా విలేకరిని, ఇక్కడి కార్యాలయాలకు తెలుగు పత్రిక విలేకరిని. గంజాం, గజపతి జిల్లాల నుంచి తుఫాన్లు, వలసలు, సరిహద్దు తగాదాలు, పట్టుచీరల వార్తలు పంపుతుంటాను. ఫణి తుఫాను 2019 మే 3న పూరీ దగ్గర తీరం దాటిన తరువాత రెండు నెలల పాటు డెస్కు నుంచి ప్రతి ఫోనూ వాతావరణ మార్పు గురించే వచ్చేది. ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగకు దగ్గరలో కెరటాలకు గోడలు కూలి, తలుపులు లేని గుమ్మాలు మిగిలిన పాత పొడంపేట ఫోటోలు ఎవరినైనా కదిలిస్తాయి. వార్తకు కావలసినవన్నీ ఆ ఫోటోల్లోనే ఉన్నాయని నేనూ అనుకున్నాను.

వార్త అచ్చయిన వారానికి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది ఆ తీరపు మత్స్యకార కుటుంబంలో పుట్టి, పైకి చదువుకుని, ఉన్నత పాఠశాలలో సామాన్య శాస్త్రం చెబుతున్న మాస్టారు. ఉత్తరంలో కోపం లేదు, ఒక ప్రశ్న మాత్రమే ఉంది. సముద్రమట్టం పెరగడం వల్లే ఊరు పోయి ఉంటే, అదే తీరంలో మరికొన్ని చోట్ల ఇసుక మేట వేసి ఒడ్డు ముందుకు ఎందుకు జరుగుతోంది, అక్కడ సముద్రం పెరగలేదా అని ఆయన అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. విశ్రాంత అధ్యాపకుల దగ్గరా లేదు. నేను మళ్లీ ఫోన్ చేస్తే ఆయన ధ్రువాల్లో మంచు కరగడం గురించి చెప్పారు.

ఆ ఆదివారం మాస్టారితో కలిసి తీరానికి వెళ్లాను. మొగలి పొదలు, సరుగుడు తోటలు దాటి ఇసుకలోకి దిగాక ఆయన నాకు పాఠమేమీ చెప్పలేదు, ప్రశ్నలే వేశారు. నది మొగ ఇరవై ఏళ్ల క్రితం ఉన్న చోటే ఇప్పుడూ ఉందా? నది తెచ్చే ఇసుక పైన ఆనకట్టల దగ్గర ఎంత ఆగిపోతోంది? తీరం వెంబడి ఇసుక ఏ దిక్కుగా నడుస్తుంది, దాని దారికి ఎక్కడైనా రాతికట్టలు అడ్డం పడ్డాయా? 2013లో ఫైలిన్ తుఫాను ఒక్క రాత్రిలో ఎంత తీసుకెళ్లింది, ఏటా ఆషాఢ శ్రావణాల కెరటాలు ఎంత తీసుకెళ్లాయి? వీటన్నిటి తరువాత సముద్రమట్టం పెరుగుదల వాటా ఎంత? నోటు పుస్తకంలో రాసుకుంటూ పోతే నా ఒక్క వాక్యం అయిదారు ప్రశ్నలైంది. ఆ అయిదారింటికీ జవాబు చెప్పగలిగే మనిషి ఒక్కరు ఉండరన్నది అప్పటికి నాకు తట్టలేదు. అందరికంటే పెద్ద నిపుణుడు ఎవరా అని వెతకడం మొదలుపెట్టి రెండు నెలలు వృథా చేసుకున్నాను.

ఆ రెండు నెలల సంగతి ఎక్కువ చెప్పను. ఒక కార్యాలయంలో పై అధికారి అనుమతి తెమ్మన్నారు, పై అధికారి కింది కార్యాలయాన్నే అడగమన్నారు. ఒక పెద్ద సంస్థకు పంపిన మెయిల్‌కు వచ్చిన జవాబులో నా పేరు తప్పుగా ఉంది, విషయం అసలు లేదు. ఒక ప్రొఫెసర్ ఎంతో ఓపికగా గంటసేపు మాట్లాడి, చివర తన రంగం భూగర్భ జలాలని చెప్పారు. నేను మొదట అడగవలసిన ప్రశ్న అదే.

దారి చూపింది మళ్లీ మాస్టారే. తన మేనల్లుడు పరిశోధక విద్యార్థి అని చెప్పి, అతనిచేత గూగుల్ స్కాలర్‌లో వెతకడం నాకు నేర్పించారు. ఋషికుల్య అని ఆంగ్లంలో కొడితే ముందు వచ్చేవన్నీ ఆలివ్ రిడ్లే తాబేళ్ల వ్యాసాలే. వేలాది తాబేళ్లు ఒకేసారి గుడ్లు పెట్టే ఆ ఇసుకను ప్రపంచం గుర్తించింది 1994లో కాబట్టి ఆశ్చర్యమేమీ లేదు. దానికి తీరరేఖ, మొగ, ఇసుక అన్న మాటలు జోడిస్తే అసలు జాబితా బయటపడింది. ఆ కుర్రవాడు చెప్పిన ఒక చిన్న సంగతి నాకు ఈనాటికీ ఉపయోగపడుతోంది. వ్యాసం మీద చివర ఉండే పేరు సాధారణంగా గైడుది. మొదటి పేరు చాలాసార్లు ఎండలో నిలబడి, మోకాలి లోతు నీళ్లలో కొలతలు తీసినవారిది. గైడుకు ఫోన్ చేస్తే శాస్త్రం తెలుస్తుంది. మొదటి పేరువారికి ఫోన్ చేస్తే ఆ కొలతలు ఏ నెలలో తీశారు, ఎన్నిసార్లు తీశారు, ఏ చోట తీయలేకపోయారు అన్నవి తెలుస్తాయి. వార్త నిలబడేది ఆ రెండో రకం సమాచారం మీదే.

మరో సంగతి తరువాత తెలిసింది. బరంపురం విశ్వవిద్యాలయంలోనే, మా ఇంటి నుంచి ఆటోలో పోగలిగిన భంజ విహార్‌లోనే సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. భువనేశ్వర్ ఐఐటీలో భూమి, సముద్రం, శీతోష్ణస్థితి శాస్త్రాలన్నిటికీ కలిపి ఒక విభాగం ఉంది. సముద్ర స్థితి గురించి ముందస్తు సమాచారమిచ్చే ఇన్‌కాయిస్ హైదరాబాదులో ఉంది. దేశం తీరరేఖ మార్పులను ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టిన జాతీయ తీర పరిశోధన కేంద్రం చెన్నైలో ఉంది. పదిహేనేళ్లుగా విలేకరినని చెప్పుకుంటూ, కూతవేటు దూరంలో ఉన్న విభాగం గేటు లోపలికి ఒక్కసారైనా వెళ్లకుండా అన్నేళ్లు ఎలా గడిపానో నాకే అర్థం కాలేదు.

ఇసుక గురించి నాకు జవాబు దొరికింది ఒక యువ పరిశోధకురాలి దగ్గర. ఆమె ఒడియా, నేను తెలుగు, మా ఇద్దరి మధ్య శాస్త్రం ఆంగ్లంలో నడిచింది. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చే అలలు ఈ తీరం వెంబడి ఇసుకను ఉత్తరంగా తోసుకుపోతాయని, శీతకాలంలో కొంత వెనక్కి వచ్చినా ఏడాది మొత్తం మీద లెక్క ఉత్తరంవైపే తేలుతుందని, ఆ నడకకు ఎక్కడ కట్టడం అడ్డం పడితే అక్కడ దక్షిణాన ఇసుక పేరుకుని, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుందని ఆమె కాగితం మీద గీసి చూపించారు. మొగలు కూడా ఇలాంటి కట్టడాల్లాగే పనిచేస్తాయి, పైగా చోటు మారుతుంటాయి. మాస్టారి ప్రశ్నకు జవాబు అక్కడ ఉంది. ఒక చోట పోయిన ఇసుక మరోచోట తేలుతుంది. జాతీయ తీర పరిశోధన కేంద్రం లెక్కల్లో దేశ ప్రధాన భూభాగపు తీరంలో సుమారు మూడో వంతు కోతకు గురవుతుంటే, ఒడిశా తీరంలో మాత్రం కోత కంటే మేట వేస్తున్న భాగమే ఎక్కువ. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే నా 2019 వాక్యం నా చేతిలోనే ఆగిపోయేది.

అయితే సముద్రమట్టం సంగతేమిటని అడిగాను. ఆమె పెన్ను పక్కన పెట్టి, "అది నా పని కాదు. నేను ఇసుక చూస్తాను. సముద్రమట్టం చూసేవాళ్ల పేర్లు ఇస్తాను" అన్నారు. ఆ మాట విన్నాక ఆమె మీద నాకు కలిగిన నమ్మకం, అంతకుముందు ఆమె చెప్పిన శాస్త్రమంతా విన్నా కలగలేదు. తనకు తెలిసినదానికి ఎక్కడ గీత గీయాలో తెలిసినవారినే అప్పటినుంచి నా పుస్తకంలో మొదటి వరుసలో పెట్టుకుంటున్నాను. ప్రతి సంభాషణ చివరా ఒకే మాట అడుగుతున్నాను. మీరు చెప్పిన దానితో ఒప్పుకోనివారు ఎవరు, వారి నంబరు ఇస్తారా అని. కొందరు నవ్వుతారు, కొందరికి కోపం వస్తుంది. కోపం వచ్చినవారి పేరు పక్కన నేను చిన్న చుక్క పెడతాను.

సముద్రమట్టం గురించి స్పష్టత 2020లో వచ్చింది. భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ ఆ ఏడాది భారత ప్రాంతపు శీతోష్ణస్థితి మార్పుపై మదింపు నివేదిక విడుదల చేసింది. ఇంట్లో కూర్చోక తప్పని రోజులు కావడంతో దాన్ని సావకాశంగా చదివాను, అర్థం కానిచోట ఫోన్ చేసి అడిగాను. 1993 నుంచి 2017 వరకు ఉత్తర హిందూ మహాసముద్రపు మట్టం ఏటా సగటున 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగిందని, అంతకుముందు శతాబ్దానికి పైగా ఉన్న వేగం దాదాపు దానిలో సగం నుంచి మూడో వంతేనని అందులో ఉంది. పాతికేళ్లకు లెక్కగడితే అది ఎనిమిది సెంటీమీటర్లు, అంటే బెత్తెడు. బెత్తెడు నీరు పెరిగితే ఊరంతా పోతుందా అని ఒక సముద్ర శాస్త్రవేత్తను అడిగాను. ఆయన ఇచ్చిన జవాబును కుదించడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ బెత్తెడు ఒక్కటే ఊరిని తీసుకుపోదు. కానీ చదునైన ఒడ్డు మీద బెత్తెడు పెరిగిన నీరు అలను అంతకు ఎన్నో రెట్లు లోపలికి రానిస్తుంది, తుఫాను ఉప్పెన లేచేది కూడా ఆ పెరిగిన మట్టం మీది నుంచే. ఇసుక కరవైన ఒడ్డు మీద దాని ప్రభావం మరింత ఎక్కువ. వాతావరణ మార్పు ఈ కథలో లేదని రాయడం కూడా నా మొదటి వాక్యమంత తప్పే అవుతుంది.

ఆ నివేదికే నా మరో అలవాటును మాన్పించింది. 2013 అక్టోబరు 12న దసరా రోజుల్లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నాన్ని కొట్టింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర ఒడ్డెక్కి గజపతి కొండలను ముంచెత్తింది. ఇవన్నీ చూసినవాడిని కాబట్టి తుఫాన్ల సంఖ్య పెరుగుతోందని ఎన్నోసార్లు రాశాను, అందరూ అదే అంటున్నారు కదా అనుకున్నాను. 1951 నుంచి 2018 వరకు చూస్తే ఉత్తర హిందూ మహాసముద్రంలో ఏటా ఏర్పడే తుఫాన్ల మొత్తం సంఖ్య తగ్గిందని, అయితే 2000 తరువాత రుతుపవనాలు వెనుదిరిగిన కాలంలో అతి తీవ్ర తుఫాన్లు గణనీయంగా పెరిగాయని నివేదిక చెబుతోంది. నేను రాసింది సగం తప్పు, పాఠకుడికి అక్కరకొచ్చే సగం రాయనే లేదు.

డబ్బు గురించి అడగడం అన్నిటికంటే కష్టంగా ఉండేది. మన వైపు పెద్దలను, అందులోనూ గురుస్థానంలో ఉన్నవారిని, మీ పరిశోధనకు డబ్బు ఎవరిచ్చారు అని అడిగితే అనుమానించినట్టే ఉంటుంది. తీరం కోత మీద చాలా స్పష్టంగా, చాలా ధైర్యంగా మాట్లాడే ఒకాయన మాటలు వార్త నిండా వాడాను. అచ్చుకు వెళ్లే ముందురోజు ఆయన పాత వ్యాసం చివరి పేరాలో చిన్న అక్షరాల్లో ఉన్న కృతజ్ఞతలు చదివితే, తీరంలోని ఒక ప్రాజెక్టు పర్యావరణ ప్రభావ అంచనాలో ఆయన సలహాదారు అని తెలిసింది. ఫోన్ చేసి అడిగాను. "మీరు అడగలేదు కదా" అన్నారు. నిజమే, నేను అడగలేదు. ఆయన శాస్త్రం అబద్ధమని నేను అనను, ఆ మాటలు తీసేయనూ లేదు. ఆయన ఆ ప్రాజెక్టుకు పనిచేశారన్న సంగతిని అదే వాక్యంలో చేర్చాను. తరువాత ఆరు నెలలు ఆయన నా ఫోన్ ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుతున్నారు, ఎవరి పని మీద ఉన్నారో ముందుగా తానే చెబుతున్నారు.

స్వచ్ఛంద సంస్థల విషయంలో నాకు తగిలిన దెబ్బ వేరు. పొడంపేట దగ్గర సముద్రం ఎంత దూరం లోపలికి వచ్చిందో చెప్పే అంకె ఒక సంస్థ వేసిన చిన్న పుస్తకంలో కనిపించింది. ఆధారం పంపమని అడిగితే వాళ్లు వెంటనే, మర్యాదగా పంపారు. అది నా 2019 వార్త కత్తిరింపు. ఆ అంకె నాకెలా వచ్చిందో గుర్తు తెచ్చుకుంటే సిగ్గేసింది. ఒక పెద్దాయన ఒడ్డున నిలబడి, పూర్వం ఊరు ఎక్కడిదాకా ఉండేదో చేయి చాచి సముద్రంలోకి చూపించాడు. నేను కంటితో అంచనా కట్టి, "సుమారు" అని చేర్చి రాశాను. అచ్చులోకి వెళ్లాక "సుమారు" రాలిపోయింది, అంకె మిగిలింది. నేను రాసిందే నాకు సాక్ష్యంగా తిరిగి వచ్చింది.

ఆ పెద్దాయన గురించి కూడా చెప్పాలి. శాస్త్రవేత్తల పేర్లు దొరికాక కొన్నాళ్లు నేను ఊళ్లోవాళ్లను కేవలం కన్నీళ్ల కోసమే పలకరించాను. ముందు పేరాలో బాధ, తరువాతి పేరాలో నిపుణుడు, ఇదీ వరస. ఒకసారి ఆయన దగ్గర కూర్చుని, "తాతా, సముద్రం ఎందుకు ఇలా అయింది?" అని అడిగితే, ఆయన వల ముడి విప్పుకుంటూ, "ఎంత దూరం వచ్చిందో, ఏ ఏడు వచ్చిందో నన్నడుగు బాబూ, సెప్తాను. ఎందుకొచ్చిందో సదువుకున్నోళ్లని అడుగు" అన్నాడు. శాస్త్రవేత్తలు చాలామందికి ఇంకా రాని విద్య ఆయనకు అప్పటికే వచ్చు. ఆ తరువాత నేను ఊళ్లోవాళ్లను అడిగే తీరు మారింది. ఏ సంవత్సరమంటే చెప్పలేనివారు 1999 అక్టోబరులో గోపాల్‌పూర్‌ను కొట్టిన తుఫానుకు ముందా వెనకా, ఫైలిన్‌కు ముందా వెనకా, పెద్దమ్మాయి పెళ్లికి ముందా వెనకా అంటే కచ్చితంగా చెబుతారు. చేపలు ఎండబెట్టే ఆడవాళ్లు ఎండబెట్టే జాగా ఎన్నిసార్లు వెనక్కి మార్చుకున్నారో మగవాళ్లకంటే బాగా చెబుతారు. విడివిడిగా ముగ్గురు ఒకే సంగతి చెబితే, దాన్ని ఉపగ్రహ చిత్రాల తేదీలతో సరిచూడమని పరిశోధకురాలిని అడుగుతాను. ఒక చోట ఊళ్లోవాళ్ల మాటే సరైందని తేలింది. చిత్రం తీసింది పోటు వేళలో కావడంతో ఒడ్డు ఉన్నదానికంటే వెనక్కి కనిపించిందట.

భాష గురించి కొంచెం పక్కదారి పడతాను. తెలుగులో మనకు రోజువారీ వాతావరణమూ వాతావరణమే, ముప్పై ఏళ్ల సగటూ వాతావరణమే. శాఖ పేరు వాతావరణ శాఖ, సమస్య పేరు వాతావరణ మార్పు. బడిపుస్తకాల్లో శీతోష్ణస్థితి అన్న మంచి మాట ఉంది గాని పత్రికల్లోకి అది సరిగా రాలేదు. ఒడియాలో ఈ చిక్కు లేదు, ఇవాళ్టి వానకు పాణిపాగ అంటారు, దీర్ఘకాలపు తీరుకు జలబాయు అంటారు. నేను ఒడియా శాస్త్రవేత్తతో తెలుగు బుర్రతో మాట్లాడి, ఆయన పాణిపాగ గురించి చెప్పినదాన్ని జలబాయు గురించి చెప్పినట్టు రాసిన సందర్భాలు కనీసం రెండున్నాయి. అందుకే ఇప్పుడు వారి మాటలున్న వాక్యాలను ఫోన్లో తిరిగి చదివి వినిపిస్తాను. తెలుగు రానివారికి అక్కడికక్కడే ఒడియాలో చెబుతాను. వార్త మొత్తం చూపించమంటే మాత్రం చూపించను. ఒకరిద్దరు ఇందుకు నొచ్చుకున్నారు.

వాన విషయం దీనికి సరైన ఉదాహరణ. వాన రాకడ ప్రాణం పోకడ అని ఊరుకునే రోజులు కావు ఇవి, బరంపురం బజారులో మోకాలి లోతు నీళ్లు నిలిస్తే చాలు, వాతావరణ మార్పు మీద నిపుణుడి మాట ఒకటి పంపమని డెస్కు అడుగుతుంది. అప్పుడు నేను ముందు మనిషికి ఫోన్ చేయను, అంకె చూస్తాను. ఒడిశాలో ప్రత్యేక సహాయ కమిషనర్ కార్యాలయం బ్లాకులవారీ వర్షపాతాన్ని రోజూ ఇస్తుంది. భారత వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. కురిసింది భారీ వర్షం కూడా కాదని తేలితే ఇక వాతావరణ శాస్త్రవేత్తతో పని లేదు, మురుగుకాల్వల గురించి తెలిసిన ఇంజనీరు కావాలి. ఎండలకూ ఇంతే. తీరప్రాంతంలో 37 డిగ్రీలు చేరి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతేనే వడగాలి అంటారు. మైదానాలకు ఆ మొదటి గీత 40 దగ్గర ఉంది. 2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో భారత్, పాకిస్తాన్‌లను వేపిన ఎండలు మానవ కారణాల వల్ల సుమారు ముప్పై రెట్లు ఎక్కువ సంభావ్యమయ్యాయని వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆ లెక్క అంత విశాల ప్రాంతానికి వర్తిస్తుంది, మా ఊరి ఒక మధ్యాహ్నానికి వర్తించదు. ఈ తేడా నాకు విడమరిచి చెప్పిన శాస్త్రవేత్త, "మీ ఊరి పేరు పెట్టి నా చేత ఆ మాట అనిపించకండి" అని ముందే ఒప్పందం చేసుకున్నారు.

తిత్లీ గురించి రాసినప్పుడు గజపతి కొండల్లో కొండచరియలు ఎందుకు విరిగిపడ్డాయన్న ప్రశ్నను మొదటే ముక్కలు చేసుకున్నాను. తుఫాను ఒడ్డెక్కాక దారి ఎందుకు మళ్లిందో చెప్పేవారు ఒకరు, వాలు నేల ఎంత నీటికి జారుతుందో చెప్పే భూగర్భ శాస్త్రజ్ఞులు మరొకరు, హెచ్చరిక చివరి గూడెందాకా ఏ భాషలో చేరిందో చెప్పగలిగేవారు వేరొకరు. మూడోవారు శాస్త్రవేత్త కాదు, సవర భాష తెలిసిన ఆరోగ్య కార్యకర్త. వార్తలో అందరికంటే ఎక్కువ చోటు ఆమెకే ఇచ్చాను.

పొడంపేట వార్తను మళ్లీ రాశాను. దానికి ఏడాదికి పైగా పట్టింది. డెస్కు నాలుగు వందల పదాలు ఇచ్చింది. మొగ, ఇసుక, రాతికట్టలు, తుఫాన్లు, బెత్తెడు సముద్రం అన్నీ అందులో ఇరికించాను. పాత వార్తలోని వాక్యం తప్పని మొదటి పేరాలోనే రాశాను, దాన్ని తీసేయవద్దని సబ్ ఎడిటర్‌ను బతిమాలుకున్నాను. ఆయన తీయలేదు. అయితే శీర్షిక మాత్రం "సముద్రం మింగిన ఊరు" అనే పెట్టారు. మాస్టారు ఫోన్ చేసి, "శీర్షిక తప్ప బాగుందండీ" అన్నారు.

ఇప్పుడు నా పుస్తకంలో ముప్పైకి పైగా పేర్లు ఉన్నాయి. ప్రతి పేరు ఎదురుగా ఆ మనిషి ఏ ప్రశ్నకు పనికొస్తారో ఒక వాక్యం, ఏ ప్రశ్నకు పనికిరారో ఇంకో వాక్యం, ఎవరి డబ్బుతో పనిచేస్తున్నారో మూడోది, ఏ భాషలో హాయిగా మాట్లాడతారో నాలుగోది రాసి ఉంటుంది. విశ్రాంత అధ్యాపకుల పేరు ఇప్పటికీ ఉంది. ఆయన బోధించిన శాస్త్రం మీద వార్త వచ్చినప్పుడు ఆయనకే ఫోన్ చేస్తాను, ఆయనా మొదటి గంటకే ఎత్తుతారు.

పోయిన నెల, ఊరు పోయినవాళ్లు స్థిరపడిన కొత్త పొడంపేట నుంచి ఒక ఆడపడుచు ఫోన్ చేసింది. వాళ్ల వైపు బావుల్లో నీళ్లు ఉప్పగా మారుతున్నాయట, వచ్చి చూసి రాయమంది. పుస్తకం తిరగేస్తే, ఏళ్ల క్రితం గంటసేపు మాట్లాడించి, తన రంగం భూగర్భ జలాలని చివర్లో చెప్పిన ప్రొఫెసర్ పేరు కనిపించింది. అప్పట్లో విసుగుతో దాని మీద గీటు పెట్టాను. ఫోన్ చేసి నా పేరు చెప్పాను. ఆయనకు గుర్తుంది. నీటి నమూనా ఏ సీసాలో పట్టాలో, బావి లోతు ఎలా కొలవాలో, పోటు వేళ ఒకసారి, ఆటు వేళ ఒకసారి ఎందుకు తీయాలో చెప్పి, మంగళవారం సీసాలతో రమ్మన్నారు.